అద్దెకు తెచ్చిన తెల్లమొహం

ఆదివారం పొద్దున్నే చైనాలోని లువోయాంగ్‌లో వీధి చివరి కొట్లో గొడ్డుమాంసం పులుసు జుర్రుకుంటూ నయోమీ యిప్ ఆ రోజు పని మనసులో సర్దుకుంది. పదింటికి ట్యూషన్ బడిలో తల్లిదండ్రుల ముందు నమూనా పాఠం. పిల్లలు ఇంగ్లీషులో పళ్ళ దుకాణం ఆట ఆడతారు. చూసినవాళ్ళు మెచ్చి పిల్లల్ని చేర్పిస్తే ప్రిన్సిపాల్ హావ్ మేడమ్ విదేశీ టీచరుగా ఒప్పందం పొడిగిస్తుంది. ఆ ఒప్పందం ఉంటేనే పోలీసులు నివాస అనుమతి పొడిగిస్తారు. లేదంటే నెలాఖరుకి పెట్టేబేడా సర్దుకోవాల్సిందే.

ఆమెకి వెళ్ళాలని లేదు. చలికాలమంతా బల్ల కింద ముడుచుకుని కూర్చున్న యాయా అనే ఆరేళ్ళ పిల్ల మొన్ననే బయటికొచ్చి, "టీచర్, నాకో పియర్ పండు" అని ఇంగ్లీషులో అడిగింది. ఆ ఒక్క మాటకి నయోమీ ఈ ఊరి దుమ్మునీ, చలినీ, హావ్ మేడమ్‌నీ కూడా క్షమించేసింది.

ఒక్కటే తంటా. నయోమీ పుట్టిందీ పెరిగిందీ కెనడాలోని విన్నిపెగ్‌లో. తాతలు ఎప్పుడో చైనా నుంచి వలసపోయినవాళ్ళు. అందుకని నాలుక ఇంగ్లీషుది, మొహం ఈ ఊరిది. వచ్చిన కాస్త చైనీసూ కూరలు కొనడానికి సరిపోతుంది, గొడవపడటానికి చాలదు. నయోమీ అన్న పేరు చూసి ఉద్యోగమిచ్చిన హావ్ మేడమ్, రైల్వే స్టేషన్లో మనిషిని చూసి కళ్ళు తేలేసింది. నాసిరకం సరుకు అంటగట్టారని ఆవిడకి ఇప్పటికీ గట్టి నమ్మకం.

బడి గుమ్మంలో ఒక బామ్మ నయోమీ చేతికి సీసా అందించింది. "ఏమ్మాయ్, కాసిని వేణ్ణీళ్ళు పట్టుకురా. ఫారిన్ టీచరు ఇంకా రాలేదా?"

"నేనేనండీ ఆ టీచర్ని."

బామ్మ ఎగాదిగా చూసింది. "పొద్దున్నే పరాచికాలా? మా సందులో టోఫూ అమ్మే పిల్ల అచ్చం నీలాగే ఉంటుంది!"

ఆ మాట గదంతా పాకింది. టై కట్టుకుని వచ్చిన ఒక పిల్లాడి తండ్రి, క్వాన్ గారు, లేచి నిలబడ్డాడు. "ఫారిన్ టీచరని ఫీజులు గుంజి మనూరి పిల్లని నిలబెడతారా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు?"

"మేడమ్, నా పాస్‌పోర్టు చూపిస్తాను," అంది నయోమీ.

"పాస్‌పోర్టు ఎవడిక్కావాలి తల్లీ! వాళ్ళొచ్చింది ఫారిన్ మనిషితో ఫోటో దిగడానికి," అని హావ్ మేడమ్ ఫోను పట్టుకుని పరిగెత్తింది.

కాసేపటికి ఎదురు హోటల్లో శాక్సోఫోన్ వాయించే బొగ్దాన్‌ని వెంటబెట్టుకొచ్చింది. సెర్బియావాడు, ఆరడుగుల మనిషి, పసుపుపచ్చ గడ్డం. రాత్రి వేసుకున్న మెరుపుల కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. ఇంగ్లీషు ముక్క రాదు. "నవ్వుతూ కూర్చో చాలు. ఈ అమ్మాయి నీకు దుబాసీ," అంది మేడమ్. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

క్వాన్ గారు ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వేశాడు. బొగ్దాన్ తెల్లమొహం వేసి, సెర్బియన్‌లో నాలుగు మాటలు గొణిగాడు. "ఆహా, అదీ యాస అంటే! లండన్ వాళ్ళు ఇలాగే మింగి మింగి మాట్లాడతారు," అన్నాడు క్వాన్ గారు అటూ ఇటూ చూస్తూ. దుబాసీ కాబట్టి నయోమీ ఏదో ఒకటి కల్పించి చైనీసులో చెప్పబోతే, ఇద్దరు తల్లులు ఆమె చైనీసు విని మూతి విరిచారు. "చదువుకోని పిల్లలా ఉంది పాపం!"

పళ్ళ ఆట మొదలైంది. నయోమీ పియర్ పండు బొమ్మ ఎత్తింది. పిల్లలు నోరు తెరిచేలోగా, ఊరికే కూర్చోవడం బాగోదనుకున్నాడేమో, బొగ్దాన్ "క్రూష్కా!" అన్నాడు. సెర్బియన్‌లో పియర్‌ని అలాగే అంటారు. ఫోన్లు పైకి లేచాయి. పిల్లలు "క్రూష్కా! క్రూష్కా!" అని గొంతు చించుకున్నారు.

యాయా ఒక్కతే లేచింది. "కాదు. అది పియర్. మా టీచరు చెప్పింది."

"నోర్మూసుకో!" తల్లి చెయ్యి పట్టి లాగింది. "ఫారిన్ సార్ కంటే నీకు ఎక్కువ తెలుసా? క్రూష్కా అను!"

యాయా అనలేదు. నెమ్మదిగా బల్ల కిందకి దూరిపోయింది.

నయోమీకి ఒళ్ళు మండిపోయింది. పాస్‌పోర్టు తీసి బల్లమీద కొట్టింది. "పిల్ల చెప్పిందే నిజం! నేను కెనడాదాన్ని. ఇతను మాట్లాడింది ఇంగ్లీషే కాదు!"

పాస్‌పోర్టు చేతులు మారింది. బామ్మ దాన్ని తిరగేసి చూసి నిట్టూర్చింది. "అంత దూరం పోయి కూడా బాగుపడలేదన్నమాట. అక్కడ పని దొరక్కే కదమ్మా మళ్ళీ ఇక్కడికొచ్చి పడ్డావు."

బొగ్దాన్‌కి సిగ్గేసింది. మంచివాడు. ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాడు కాబట్టి చైనీసు దంచి కొడతాడు. లేచి దండం పెట్టి, "అయ్యలారా, ఈవిడ చెప్పింది నిజం. నాకు ఇంగ్లీషు రాదు. నేను హోటల్లో వాయించుకునేవాణ్ణి," అన్నాడు.

గదంతా చప్పట్లు మోగిపోయాయి.

"చూశారా ఆ వినయం!" అన్నాడు క్వాన్ గారు. "అంత పెద్ద టీచరు, ఏమీ రాదంటున్నాడు! పైగా చైనీసు మనకంటే బాగా మాట్లాడుతున్నాడు!" జనం వచ్చే విడతకి పిల్లల పేర్లు రాయించడానికి బల్ల మీద పడ్డారు. అందరికంటే ముందు యాయా వాళ్ళమ్మ ఉంది.

సాయంత్రం హావ్ మేడమ్ నయోమీకి టీ పోసింది. "మాటిచ్చాను, నిలబెట్టుకుంటున్నా. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. పగలు బొగ్దాన్ పక్కన నిలబడు, సాయంత్రాలు అతనికి ఇంగ్లీషు నేర్పు. స్థానిక సహాయకురాలిగా వేశాను."

"స్థానిక? మేడమ్, మరి నా నివాస అనుమతి?"

"స్థానికులకి అనుమతి ఎందుకే పిచ్చిదానా! విదేశీ టీచరు స్థానం ఒక్కటే ఉంది, అది బొగ్దాన్‌కి పోయింది."

నయోమీ ఏడవలేదు. యాయా బల్ల కింద మర్చిపోయిన చేతిగుడ్డ తీసి మడిచింది. మర్నాడు పోలీసుల విదేశీయుల విభాగానికి వెళ్ళి బతిమాలింది. "చూడండి, నాది ఇక్కడి మొహమే. ఇక్కడి బామ్మలు నా చేత వేణ్ణీళ్ళు తెప్పించుకుంటారు."

కిటికీ అవతలి అధికారి తలెత్తకుండానే పాస్‌పోర్టు మీద ముద్ర గుద్దాడు. "విదేశీయులు గడువులోగా దేశం వదిలి వెళ్ళాలి."

ఆమెని విదేశీయురాలని ఒప్పుకున్న మనిషి ఆ ఊళ్ళో అతనొక్కడే.