చూసేవాళ్ళు, చేసేవాళ్ళు

ఆ రోజు పొద్దున ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆడిటర్‌కు ఒక సర్టిఫికెట్ తయారుచేసి ఇవ్వడం, మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికెళ్ళి కంటినిండా నిద్రపోవడం.

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అంటారు. బట్టలు ఉతికి ఇళ్ళకు చేర్చే కంపెనీ అది. దాని యాప్ అంతా కంటైనర్లనే చిన్న చిన్న పెట్టెల్లో, క్లస్టర్ అనే యంత్రాల సమూహం మీద నడుస్తుంది. అందులోకి ఎవరు అడుగుపెట్టాలన్నా తాళాలక్క సర్టిఫికెట్ అనే డిజిటల్ తాళంచెవి ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్‌లో మనిషి పేరుతోపాటు గ్రూపు పేరు ఉంటుంది. గ్రూపును బట్టే హక్కులు. గ్రూపులు రెండే: చూసేవాళ్ళు, చేసేవాళ్ళు. మేనేజర్ భాషాభిమానంతో పెట్టిన పేర్లవి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే రెంటికీ తేడా ఒక్క అక్షరమేనన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఆడిటర్ చూడటానికి వచ్చినవాడు. ఆయన సరేనంటేనే ఒక పెద్ద ఆసుపత్రి తన దుప్పట్ల పని ఈ కంపెనీకి అప్పగిస్తుంది. అది రాకపోతే సగంమంది ఇళ్ళకు పోవాల్సిందేనని మేనేజర్ కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

తాళాలక్క సర్టిఫికెట్‌లో గ్రూపు పేరు కొట్టబోతుండగా భర్త ఫోన్ చేశాడు.

"ఇదిగో, వంటింట్లో పైపు పగిలింది. నీళ్ళు హాల్లోకి వస్తున్నాయి."

"మీరేం చేస్తున్నారు?"

"చూస్తున్నా."

"చూస్తూ నిలబడతారేంటండీ! చెయ్యండి, ఏదో ఒకటి చెయ్యండి!"

నోరు ఏమంటే వేళ్ళూ అదే కొట్టాయి. చేసేవాళ్ళ సర్టిఫికెట్ ఆడిటర్ చేతికి చేరింది.

ఆడిటర్ నిదానస్తుడు. ఒక్క వేలితో టైప్ చేస్తాడు. మీటింగ్ గదిలో కూర్చుని, చేయకూడని పనులన్నీ వరసగా చేసిచూడటం మొదలుపెట్టాడు. ముందు ఒక పెట్టెను తొలగించమన్నాడు. తొలగించామని తెర మీద వచ్చింది. ఆయన జాబితా తెరిచి చూస్తే పెట్టె ఎక్కడిది అక్కడే ఉంది.

"తెర ఏదో అంటుంది. నేను మాటలు నమ్మను, ఫలితమే చూస్తాను. పెట్టె పోలేదు. బాగుంది" అన్నాడు.

పక్కనే ఉన్న తాళాలక్కకు సంగతి అర్థమైంది. పెట్టె పోవడమైతే పోయింది. ఒకటి పోతే క్లస్టర్ వెంటనే ఇంకొకటి పుట్టిస్తుంది, అంతే. తన సీటుకు పరుగెత్తి ఆయన సర్టిఫికెట్ తెరిచి చూసింది. చూసి మేనేజర్‌ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"సర్, ఆయనకి పొరపాటున చేసేవాళ్ళ సర్టిఫికెట్ ఇచ్చేశాను."

"ఇస్తే ఏమైందమ్మా, వెనక్కి తీసుకో."

"వెనక్కి తీసుకోవడం కుదరదు సర్. గడువు తీరేదాకా చెల్లుతుంది."

"గడువెప్పుడు?"

"వచ్చే ఏడాది ఇదే రోజు."

మేనేజర్ గోడకు చేరగిలబడ్డాడు. అంతలో గదిలోంచి ఆడిటర్ గొంతు ప్రశాంతంగా వినిపించింది. "ఇప్పుడు కస్టమర్ల వివరాలన్నీ తుడిచెయ్యమంటాను. సిస్టమ్ ఒప్పుకోకూడదు." ఆ వెంటనే ఒక్క వేలి చప్పుడు. టక్. టక్.

"ఆ గ్రూపుకున్న హక్కులే పీకి పారెయ్యమ్మా!"

"సర్, ముందు మనకి వేరే..."

"ముందూ లేదు వెనకా లేదు, పీకెయ్!"

ఆమె సీటుకొచ్చి పీకేసింది. టక్ ఆగింది. "అనుమతి లేదు" అని ఆడిటర్ తృప్తిగా చదివాడు. మేనేజర్ చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

తాళాలక్క మిగతావాళ్ళకు హక్కులిద్దామని తర్వాతి ఆదేశం కొట్టింది. అనుమతి లేదు. ఆమె కూడా చేసేవాళ్ళలోనే ఉంది మరి. మేనేజర్ తన కంప్యూటర్ మీద కొట్టాడు. ఆయనకూ లేదు. నిమిషాల్లో ప్రోగ్రామర్లంతా లేచి వచ్చేశారు.

"తాళాలక్కా, నా హక్కులేవి?"

"అక్కా, పొద్దున్నేగా ఉన్నాయి!"

అదే సమయానికి ఆమె భర్త నుంచి మెసేజ్ వచ్చింది: "చేశాను. ఇప్పుడు కింది వాటా వాళ్ళ హాల్లోకి కూడా వస్తున్నాయి."

గొడవ విని ఆడిటర్ బయటికి వచ్చాడు. "అందరూ ఇక్కడున్నారేం?"

మేనేజర్ వెనక్కి జరిగాడు. తాళాలక్కే అంది: "ఎవరికీ హక్కుల్లేవని మీరు చూస్తారనే పిలిచాం సర్."

ఆడిటర్ మేనేజర్‌ను కూర్చోబెట్టి ఒక పెట్టెను తొలగించమన్నాడు. అనుమతి లేదు. ప్రోగ్రామర్లు ఒక్కొక్కరే వచ్చి కొట్టారు. ఎవరికీ లేదు. చివరికి తాళాలక్క కొట్టింది. ఆమెకూ లేదు. ఆడిటర్ కళ్ళజోడు తీసి ఆమెవంక గౌరవంగా చూశాడు.

"తాళాలిచ్చే మనిషికే తాళం లేదు! మరి చేసేవాళ్ళెవరమ్మా?"

"ప్రస్తుతానికి చేసేవాళ్ళెవరూ లేరు సర్" అంది ఆమె. జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదనిపించింది.

"ఇంత కట్టుదిట్టం నేనెక్కడా చూడలేదు" అని ఆడిటర్ సెలవు తీసుకున్నాడు.

ఆయన గేటు దాటగానే తాళాలక్క సర్వర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. క్లస్టర్ పుట్టినప్పుడే దానితో పుట్టిన సర్టిఫికెట్ ఒకటి అక్కడి ప్రధాన యంత్రంలో ఉంది. దానికి ఏ గ్రూపుతోనూ పనిలేదు. ఎముకలు కొరికే ఏసీలో వణుకుతూ, దానితో 'పనివాళ్ళు' అని ఆడిటర్ దగ్గరున్న సర్టిఫికెట్ చెల్లని కొత్త గ్రూపు పెట్టి, ఆఫీసులో అందరికీ మళ్ళీ సర్టిఫికెట్లు ఇచ్చింది. ఈసారి గడువు నెల రోజులే. చివరిది ఇచ్చేసరికి పొద్దుగూకింది. నిద్ర సంగతి సరే, ఇల్లు తుడుచుకునే పని ఉంది.

నెల తిరిగేసరికి ఆసుపత్రి దుప్పట్లు వచ్చాయి. వాటి వెనకే హెడ్డాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. మేనేజర్ వాటిని అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. అంత పకడ్బందీ ఏర్పాటు తన ఆలోచనేనని కూడా చెప్పుకున్నాడు. కింద ఇంకో పేరా ఉంది. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. మేనేజర్‌కు సైతం ఏ హక్కూ లేకపోవడం ఆడిటర్‌కు ఎంతో నచ్చిందట. ఆ ఒక్క ఏర్పాటునూ శాశ్వతం చేయాలని, ఆ బాధ్యత తాళాలక్కదని హెడ్డాఫీసు ఆదేశం.

ఆ సాయంత్రమే సర్టిఫికెట్ల గడువు తీరింది; కొత్తవి ఇస్తూ ఆమె మేనేజర్‌ను చూసేవాళ్ళలోకి మార్చింది. ఆ పనిలో ఆయనకు అనుభవం బాగానే ఉంది.