పేరు లేకపోతే బెంగ లేదు

దేనికీ పేరు పెట్టకపోవడమే మేలు! ఇదేం మాట అంటారా? లైబ్రరీ పుస్తకాలు చదివి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న ముసలిదాన్ని, తెలిసే అంటున్నాను.

పూర్వం ప్రతి ఫంక్షన్‌కూ, అంటే ప్రోగ్రాములో ఒక్కో పని చేసే ముక్కకూ, ఓ పేరు, పక్కన రాసినవారి పేరు ఉండేవి. ఆ మనిషి వెళ్లిపోయాక ఆ పేరు కనబడితే గుండె చివుక్కుమనేది. ఇప్పుడా బాధ లేదు. లాంబ్డా వచ్చింది, అంటే పేరులేని ఫంక్షన్. దాన్లోకి వచ్చే సరుకు ఏ రకమైనా 'టి' అనేస్తే చాలు, అదే జెనెరిక్. ఇక ఫంక్షనల్ ఇంటర్‌ఫేస్ అంటే ఒకే ఒక్క పనికి వేసిన ఖాళీ కుర్చీ. పుచ్చుకునేదీ ఇచ్చేదీ సరిపోతే ఏ లాంబ్డా అయినా కూర్చోవచ్చు. మేం రాసింది సరిచూసి యంత్రభాషలోకి మార్చే కంపైలర్ పుట్టుపూర్వోత్తరాలు అడగదు. ఎంత మర్యాద!

మా మినెసోటాలో మంచు పడ్డ రోజు స్కూలు బస్సులు ఏ దారిన వెళ్లాలో చెప్పే ప్రోగ్రాము మాది. అందులో దారులు ఎంచే భాగం నా పక్కసీటు గుడ్రన్ రాసింది. మేనేజరు ట్రెవర్ దాన్ని రెండు లాంబ్డాలకు కుదించాడు. ఒకటి "మంచు తీశారా?" అని చూస్తుంది, రెండోది "దారి మూశారా?" అని. రెండూ రోడ్డును పుచ్చుకుని అవుననో కాదనో అంటాయి. తర్వాత సిబ్బందినీ కుదించాడు. శుక్రవారంతో గుడ్రన్ ఉద్యోగం సరి!

"ఏమే ఆర్డిస్, ఏడుస్తున్నావా? నేను పోయేది ఆఫీసు నుంచేనే, భూమ్మీంచి కాదు," అంది గుడ్రన్ నాతో.

"ఏడుపెందుకే? కంట్లో మంచు పడింది."

"హీటరు పక్కన కూర్చుంటే పడిందా?"

గురువారం నిజంగానే మంచు పడింది. ట్రెవర్ పొరపాటున ఆ రెండు లాంబ్డాలనూ ఒకదాని చోట ఒకటి పెట్టేశాడు. రెండిటి ఆకారమూ ఒకటే కదా, కంపైలర్ కిమ్మనలేదు. మూసిన దారుల్లోకి బస్సులు వెళ్లి కూరుకుపోయాయి. మంచు తీసిన దారుల్లో పిల్లలు నిలబడి వణికారు. గుడ్రన్ ఒక్కసారి చూసి, అటుది ఇటు మార్చింది.

"మీరు లేకపోతే మునిగేవాళ్లం, గుడ్రన్ గారూ!" అన్నాడు ట్రెవర్.

"అయితే నన్ను ఉంచేస్తావా, బాబూ?"

"అయ్యో, మీ చోట్లోకి తక్కువ జీతానికి వేరేవాళ్లను తీసేసుకున్నామండీ. అచ్చం మీ పనే చేస్తారు."

సోమవారం కొత్తమ్మాయి వచ్చింది. పనిమంతురాలు, వినయం గలది. నాకు కాఫీ కూడా తెచ్చిపెట్టింది. ఏ వంకా పెట్టడానికి లేదు, అదే నా కష్టం! ఆమె పేరు మాత్రం తెలుసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికల్లా అడిగేశాను. ట్రూడీ అట.

ఇంకేముంది, ఈ పిల్లను ఎప్పుడు తీసేస్తారోనని అప్పుడే దిగులు పట్టుకుంది.