తేజ దిగుమతి

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో దానయ్య ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకు దత్తత విభాగం నుంచి నజ్మీన్ మేడం వస్తుంది. ఇల్లు చూస్తుంది, ఇరుగుపొరుగుతో నాలుగు మాటలు మాట్లాడుతుంది, సరేనని రాస్తుంది. ఆ సరే చేతికొస్తే వచ్చే వారం దానయ్య, అతని భార్య జయకుమారి శ్రీలంక విమానమెక్కి, కొలంబో శిశుగృహంలో ఉన్న తేజ అనే పాపను ఎత్తుకొస్తారు. సరే రాకపోతే, రెండు దేశాల ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన తిరుగుడంతా గుండ్రంగా వచ్చి సున్నాలో ఆగుతుంది.

ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. ఇంతకుముందు ఓ బిడ్డ విషయంలో కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. అప్పుడు వీధి వీధంతా వచ్చి జాలిపడింది. గుంటూరు వాళ్లు కారమైనా చూసి వేస్తారేమో గానీ జాలి మాత్రం గరిటెలతో వడ్డిస్తారు. అందుకే పాప గడప తొక్కేదాకా మాట బయటికి పొక్కకూడదని దానయ్య భార్య దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. అతను కోల్డ్ స్టోరేజీ మేనేజరు. దాచడం అతనికి వృత్తిధర్మం.

అంత ఒట్టు వేయించుకున్న మనిషీ పొద్దున్నే డాబా ఎక్కి ఒంగోలులో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు. మన వైపు ఫోన్లో మాట్లాడటమంటే, ఫోన్ లేకపోయినా ఒంగోలుకు వినపడేట్టు మాట్లాడటం.

"ఆ, లంక నుంచే అక్కా! తేజే! తొమ్మిది నిండాయి. రంగా? రంగుతో మనకేం పని? ముందు దీన్ని తెచ్చుకుందాం, అన్నీ బాగుంటే ఇంకోటి. ఎవరితోనూ అనకు. గఫూర్ అన్నకు తెలిస్తే యార్డంతా టముకేస్తాడు!"

పక్క డాబా మీద పళ్లు తోముకుంటున్న గఫూర్ నోట్లో బ్రష్షు ఆగిపోయింది. ఆయన యార్డులో కమీషన్ వ్యాపారి. ఆయన లోకంలో తేజ ఒక్కటే: నషాళానికంటే సన్న రకం మిరపకాయ.

"రిహానా! విన్నావా? దానయ్య లంక నుంచి తేజ దిగుమతి చేస్తున్నాడు! తొమ్మిది కంటైనర్లు నిండాయంట!"

"మన కాయే కదండీ లంకకు పోయేది? అక్కడి నుంచి ఇక్కడికి రావడమేంటి?" అంది భార్య.

"అదే కుట్ర! రంగుతో పన్లేదంటున్నాడు. రంగు లేని కాయ తాలుకాయే కదా? తాలు తెచ్చి మన తల మీద పోస్తాడు!"

దిగుమతి అన్న ఊహ రాగానే గఫూర్‌కి మతి దిగిపోయింది. లంకకూ తేజకూ లంకె వేసి యార్డుకు ఫోన్ చేసేశాడు. తొమ్మిది కంటైనర్లు యార్డు గేటు దగ్గర తొంభై అయ్యాయి. టీ కొట్టు దగ్గర ఓడయ్యాయి. ఆ ఓడ చీరాల పక్కన ఓడరేవులో లంగరు కూడా వేసేసింది. అప్పుడే అక్కడ టీ తాగుతున్న పర్చూరు రైతు బుల్లయ్య గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. ఆయన పండించిన తేజంతా ఉన్నది దానయ్య కోల్డ్ స్టోరేజీలోనే.

"మన కాయ దాచిపెట్టినోడే మన నోట్లో మట్టి కొడతాడా? పదండ్రా!"

పది గంటలకు నజ్మీన్ మేడం ఆటో దిగేసరికి దానయ్య గేటు ముందు జనం. "తేజను రానివ్వం! తేజ గో బ్యాక్!" అని ఒకటే అరుపులు.

మేడం చేతిలో బ్యాగు బిగుసుకుంది. "ఏంటండీ ఇది? తేజ అంటే వీళ్లకెందుకింత కోపం?"

దానయ్యకూ అంతు పట్టలేదు. "మా వీధి... ఇవాళ కొంచెం ఘాటుగా ఉంది మేడం" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

బ్యాగూ, మెడలో కార్డూ చూసి ఈవిడ కస్టమ్స్ అధికారే అనుకుని బుల్లయ్య దూసుకొచ్చాడు. "అమ్మా, తమరు సమయానికొచ్చారు. తేజను అక్కడే ఆపించండి!"

"ఆపకపోతే?"

"నడిరోడ్డు మీద పోసి తగలబెడతాం!"

మేడం మొహం పాలిపోయింది. "దానయ్య గారూ, ఇలాంటి చోటికి పాపను పంపమని నేనెలా రాయను?" అంటూ ఆటో వైపు తిరిగింది.

ఆ మాట విని లోపల ఉయ్యాలకు దోమతెర కడుతున్న జయకుమారి బయటికొచ్చింది. ఆవిడ నర్సరీ పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. ఆ గొంతు లేచిందంటే యాభై మంది పిల్లలు నోటి మీద వేలేసుకుంటారు. జనం అంతకంటే పెద్దవాళ్లేం కాదు.

"ఎవరయ్యా తేజను తగలబెట్టేది? ముందుకు రండి! తేజ నా కూతురు! కొలంబోలో ఉంది, తొమ్మిదో నెల నిండింది. నేను కనలేదు గానీ, కలగన్నాను. ఎవరాపుతారో నేనూ చూస్తాను!"

వీధి చప్పబడింది. ముందుగా కదిలింది బుల్లయ్య భుజం మీది తువ్వాలు. అది చేతిలోకొచ్చింది.

"అయితే తేజంటే మిరపకాయ కాదా అమ్మా?"

"కాయేంటి బాబాయ్, ఆడపిల్ల."

"ఏరా దానయ్యా! పిల్లను పట్టుకుని తగలబెడతానంటుంటే చెప్పవేరా? నోరు కూడా కోల్డ్ స్టోరేజీలో పెట్టావా?"

గఫూర్ చెవులు పట్టుకున్నాడు. "చెల్లెమ్మా, ఇవి చెవులు కావు, తాలుకాయలు. అయినా ఇంత శుభవార్త మా దగ్గర దాస్తారా?"

"మళ్లీ తప్పిపోతే మీరంతా జాలిపడతారని..." దానయ్య నసిగాడు.

"ఈసారి తప్పిపోతే జాలిపడం, నిన్ను తంతాం!" అన్నాడు గఫూర్.

నజ్మీన్ మేడం ఇంకా మెత్తబడలేదు. "ఇందాక ఆపమన్నారు కదా, ఇప్పుడేమంటారు?"

"ఆపమన్నది కాయనమ్మా. పిల్లను గానీ ఆపారో, మీ ఆఫీసు ముందు ఇదే జనం, ఇవే గొంతులు!" అన్నాడు బుల్లయ్య. వెనకనుంచి "తేజ రావాలి! రేపే రావాలి!" అని అదే ఊపులో అందుకున్నారు.

మేడం పెదవి చివర నవ్వు జారింది. "పాపకు మీ సహకారం ఉంటుందన్నమాట."

"సహకారం, మమకారం... కారంతో అయ్యే మాటలన్నీ మా దగ్గర టోకున దొరుకుతాయి మేడం" అన్నాడు గఫూర్. "అహంకారమే కాస్త తగ్గించుకోవాలి."

"ఇవాళ్టికి అదీ ఉండనివ్వన్నా" అంది జయకుమారి తల ఎత్తి. "కూతురుంది నాకు."

దానయ్య చొక్కా పై గుండీ ఛాతీ పట్టక టప్పున ఊడింది.

మేడం సరే అని రాసి ఆటో ఎక్కింది. వీధి ఆవిణ్ణి మలుపుదాకా సాగనంపి, తిరిగొచ్చేలోపే రెండు వర్గాలైంది: పిల్ల నాలుకకు ముందు పండుమిరప పచ్చడి తగిలించాలా, గోంగూరా అని.

పిల్ల కొలంబోలో ఇంకా పాలే తాగుతోంది.