పదిహేడు గడులూ నిండిన సినిమా

ఆ ఇంట్లో సినిమాలు చూడటం గత నెల ఒకటో తారీఖు నుంచి తాత్కాలికంగా నిలిపివేయబడింది. కారణం సినిమాలు లేకపోవడం కాదు. వెయ్యీ నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. వాటి వివరాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే కారణం.

ఈ ఘోరాన్ని కనిపెట్టినవాడు ఆ ఇంటి యజమాని. ఒక పెద్ద కార్యాలయంలో రికార్డు గదికి సూపరింటెండెంటు. ఆయన గదిలోకి వెళ్ళిన కాగితం తప్పిపోయిన దాఖలా ఇరవై ఆరేళ్ళలో ఒక్కటీ లేదు. బయటికి వచ్చిన దాఖలా కూడా లేదు. అంతటివాడు ఒక సెలవురోజు, కూతురు హార్డ్‌డిస్కులో పోగేసిన సినిమాల పట్టికను టీవీలో తెరిచి నిర్ఘాంతపోయాడు. ఒకే దర్శకుడు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పొడి అక్షరాలతో, ఇంకోచోట వట్టి పేరుతో ఉండి ముగ్గురు మనుషులుగా చలామణీ అవుతున్నాడు. ఒక సినిమా నిడివి నూటయాభై నిమిషాలని ఉంటే, పక్కదాని నిడివి రెండున్నర గంటలని ఉంది. పిల్లల సినిమాకు తుపాకీ పట్టుకున్నవాడి బొమ్మ అతికి ఉంది. ఇంకొక చిత్రం విడుదలయ్యే నాటికి దాని కథానాయకుడు పుట్టనేలేదు.

ఇంత అరాచకంలోనూ ఇంట్లో అందరికీ కావలసిన సినిమా క్షణంలో దొరుకుతూనే ఉంది. భార్య "ఆ వంతెన కూలేది పెట్టవే" అంటే కూతురు పెట్టేస్తుంది. తల్లి "కోడలు అత్త నోరు మూయించేది" అంటే అదీ దొరుకుతుంది. ఆధారాలు లేకుండా పని జరిగిపోతుంటే బాధ్యతగల అధికారి ఎవరైనా ఎలా సహిస్తాడు?

వెంటనే గృహ చలనచిత్ర వివరాల క్రమబద్ధీకరణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఆయనే, కార్యదర్శీ ఆయనే. భార్యను సభ్యురాలిగా వేశారు గానీ, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ, పొయ్యి మీద పాలున్నాయి" అంటూ ఆమె మొదటి సమావేశంలోనే లేచిపోయింది. మిగిలిన కోరంతో తీర్మానాలు జరిగాయి. ప్రతి సినిమాకూ పదిహేడు గడులు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ సినిమా చూడరాదు. నెలాఖరుకు కూడా నిండకపోతే దానంతటదే శాశ్వతంగా చెరిగిపోయేలా కంప్యూటరులో ఏర్పాటు చేశారు.

'రకం' అనే గడి దగ్గరే తగువు మొదలైంది. లోగడ చూసిన ఒక సినిమాను భార్య హాస్యమంది, అదే సినిమాకు తల్లి కళ్ళు తుడుచుకుంది, కూతురు సగంలో నిద్రపోయింది. ముగ్గురి వాంగ్మూలాలూ నమోదు చేసి దాన్ని 'వివాదాస్పదం' అనే అరలో పెట్టారు. పక్షం తిరిగేసరికి ఆ అర నిండిపోయి రెండో అర తెరవాల్సి వచ్చింది. సాయంత్రాలు కుటుంబమంతా టీవీ ముందు కూర్చుని పట్టిక చూసేవారు. పాటలు లేకపోవడం వల్ల త్వరగా అయిపోతోందని సూపరింటెండెంటు సంతృప్తి వెలిబుచ్చాడు.

ఆ పట్టికలో వట్టి అంకెలే పేరుగా ఒక ఫైలు ఉంది. ఏడు నిమిషాలు. అందులో సూపరింటెండెంటు తండ్రి ముక్కాలిపీట ఎక్కి ఫ్యాను బిగిస్తుంటాడు. మధ్యలో వెనక్కి తిరిగి, "నన్నెందుకు తీస్తావురా, పనీపాటా లేదా?" అని నవ్వుతాడు. ఆ మనిషి పోయి పదకొండేళ్ళయింది. అసలు టేపు ఎప్పుడో బూజు పట్టిపోయింది. ఆ గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. తల్లి రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అది పెట్టించుకునేది. ఆ సమయానికి ఇంట్లో ఉంటే కొడుకు కూడా తలుపు పక్కన నిలబడి వినేవాడు. ఆ నవ్వు దగ్గర ఆయనకు ఏడుపొచ్చేది. ఎవరికీ చెప్పలేదు.

దానికి పదిహేడు గడుల్లో పదిహేను ఖాళీ.

"ఏ సంవత్సరం తీసిందమ్మా?"

"నీకు ముందు పళ్ళు ఊడిన ఏడురా."

"అలా రాయకూడదమ్మా. అంకె కావాలి."

"ఏదో ఒకటి వేసెయ్ నాన్నా, నానమ్మ కోసం," అంది కూతురు.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఏదో ఒకటి వేసేస్తే ఇంక వ్యవస్థ ఎందుకు? తన తండ్రికో న్యాయం, పరాయివాడికో న్యాయం అని రేపు నలుగురూ అనరూ? నియమం ముందు తండ్రీ లేడు, కొడుకూ లేడు!"

తల్లి ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "మీ నాన్న మిగిలింది ఆ ఏడు నిమిషాలేరా. అదొక్కటీ ఉంచు," అంది.

ఆయన రాతిగుండెవాడేమీ కాదు. ఆ రోజే కార్యదర్శి హోదాలో, మినహాయింపు కోరుతూ అధ్యక్షుడికి వినతి రాసుకున్నాడు. అధ్యక్షుడు రెండు రోజులు సానుభూతితో పరిశీలించి, మృతుడితో దరఖాస్తుదారుకు గల సంబంధం తెలపాలంటూ తిప్పి పంపాడు. కార్యదర్శి 'కొడుకు' అని జవాబిచ్చాడు. రుజువు జతపరచలేదని ఆక్షేపణ వచ్చింది. పక్షపాతమన్న మాట రాకుండా, ఈ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆయన భోజనాల బల్లకు ఈ కొసా ఆ కొసా కుర్చీ మారి కూర్చుని నడిపాడు. చివరకు నెలాఖరు రోజు మధ్యాహ్నం మినహాయింపు మంజూరైంది. ఉత్తర్వు పైకి చదివి వినిపించి, తల్లి కళ్ళల్లో నీళ్ళు చూసి, తానూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఏ ఉత్తర్వైనా వచ్చే నెల ఒకటి నుంచి అమలు కావడం రివాజు. ఆ సాయంత్రం ఆరింటికి కంప్యూటరు తన పని తాను చేసుకుపోయింది. ఏడు నిమిషాల ఫైలుతో సహా అన్నీ చెరిగిపోగా మూడు సినిమాలు మిగిలాయి. విచారించగా ఆ మూడూ ఒకటే సినిమా అని, మూడు వేర్వేరు సంవత్సరాలతో ఉందని తేలింది. పట్టికకు మాత్రం ఏ నష్టమూ జరగలేదు.

ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, పోయినదాని వివరాలైనా పూర్తి చేద్దామని బీరువాలన్నీ గాలించాడు. బోసినోటితో తను దిగిన బడి ఫొటో ఒకటి దొరికింది. దాని వెనక తేదీ ఉంది. సంవత్సరం ఖరారైంది. కెమెరా పట్టింది చిన్నాన్న కాబట్టి దర్శకుడి గడి నిండింది. ఇక చూసి వాదించే వీలు ఎవరికీ లేదు గనుక, రకం గడి కూడా ఏకగ్రీవంగా నిండింది. అంత నిర్దోషమైన వరుస ఆ పట్టికలో అదొక్కటే.

భోజనమయ్యాక తల్లిని పిలిచి టీవీలో ఆ వరుస పెట్టాడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివింది. కాసేపు ఎదురుచూసింది.

"మాట్లాడడేంరా?"

ఆయన పద్నాలుగో గడి మీద వేలు పెట్టాడు. "ఉందమ్మా, చూడు. శబ్దం: స్పష్టం."

వారం తిరక్కుండా ఈ సంగతి వీధంతా పాకింది. ఇరుగుపొరుగు వరుసకట్టి వచ్చి పట్టిక చూసి ముక్కున వేలేసుకున్నారు. తమ ఇళ్ళకు కూడా కావాలని నకళ్ళు పట్టుకెళ్ళారు. "మీరు అదృష్టవంతులు పిన్నిగారూ, మా నాన్నగారివి సగం గడులు కూడా నిండవు," అని ఎదురింటావిడ ఆ తల్లి చేతులు పట్టుకుంది. ఆ ఏడు నిమిషాలు ఒకసారి వేసి చూపించమని మాత్రం వాళ్ళలో ఒక్కరూ అడగలేదు.