డబ్బా తెరవని విందు

“ఇకమీదట ఈ చర్చి వంటింట డబ్బా మూత తెరుచుకోరాదు. పొట్లం చిరగరాదు. విందుకు తెచ్చే ప్రతి వంటకమూ, తెచ్చినవారి స్వహస్తాలతో, ఆది నుంచి అంతం దాకా, ఇంటనే తయారై ఉండవలెను. ఉల్లంఘించినవారు కమిటీ పదవికి అనర్హులు.”

ఇండియానాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్ళో, చర్చి వంటింటి కమిటీ జనవరి సమావేశంలో చేసిన తీర్మానమిది. ప్రవేశపెట్టినావిడ జనీవా స్టౌట్. బలపరిచినావిడ అధ్యక్షురాలు లవోన్ క్రిచ్‌ఫీల్డ్. బలపరచక ఏం చేస్తుంది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని, జనీవా చదవడం ముగించకముందే చెయ్యెత్తింది. తీరా చుట్టూ చూస్తే అందరి చేతులూ అంతే తొందరగా లేచి ఉన్నాయి. తీర్మానం ఏకగ్రీవం.

అసలు కథ ఏమిటంటే, పక్క ఊరి చర్చివాళ్ళు “అంతా చేతివంటే” అని గుడ్డ మీద రాసి రోడ్డు పక్కన కట్టారు. ఈ ఊరి జనం కూడా అక్కడికి వెళ్ళి తినొచ్చారు. జనీవాకి ఇది అవమానంగానూ, అవకాశంగానూ కనిపించింది. ఆవిడ కన్ను చాలాకాలంగా అధ్యక్ష పదవి మీద ఉంది. చర్చి వంటింటి తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఊరి పెళ్ళిళ్ళూ చావు భోజనాలూ వాళ్ళ మాట మీద నడుస్తాయి. ఆ తాళంచెవి ఇరవయ్యేళ్ళుగా లవోన్ మెడలో గొలుసుకి వేలాడుతోంది.

ఆ తాళంచెవిని సంపాదించిపెట్టింది ఆమె చేసే బీఫ్ నూడుల్స్. స్లో కుక్కర్‌లో గంటల తరబడి ఉడికి పీచుపీచుగా విడిపోయే మాంసం, మీగడలా చిక్కటి గ్రేవీ, అందులో మెత్తటి లావుపాటి నూడుల్స్. మెదిపిన బంగాళాదుంపల మీద అది ఒక గరిటె పడితే పాస్టరుగారు కూడా ప్రార్థన కుదించేవారు. “మా అమ్మమ్మ పద్ధతమ్మా. గుడ్డుసొనతో పిండి కలిపి, పల్చగా ఒత్తి, సన్నగా కోసి, కుర్చీల మీద గుడ్డలు పరిచి ఆరబెట్టాలి. చేతులు పడిపోతాయనుకో,” అనేది లవోన్. ఏప్రాన్ మీద అక్కడక్కడా పిండి అంటుకుని ఉండేది. ఆ పిండిని ఆమె కారు దిగే ముందు చల్లుకునేది.

ఆ అమ్మమ్మ పద్ధతి నిజానికి వేరేలా ఉండేది. ముందురోజు సాయంత్రం మాంసం ముక్క కుక్కర్‌లో పడెయ్యాలి. దాని మీద రెండు పుట్టగొడుగుల సూపు డబ్బాలు బోర్లించాలి. ఒక ఉల్లిపాయ సూపు పొట్లం చింపాలి. స్విచ్ వేసి టీవీ చూడాలి. పొద్దున్నే కొట్లో కొన్న గడ్డకట్టిన నూడుల్స్ గుమ్మరించి, గంట గడిచాక ఇంత క్రీమ్ చీజ్ కలపాలి. అయిపోయింది. చేతులు పడిపోయేది డబ్బా తెరిచేటప్పుడు మాత్రమే.

ఖాళీ డబ్బాలు చెత్తబుట్టలో వేస్తే ఊరంతా చూస్తుంది గనక, ఆమె భర్త డ్వైట్ వాటిని కడిగి పాకలో పెట్టి, వాటిలో మేకులూ మరలూ పోసుకునేవాడు. కౌంటీ మొత్తంలో ఏ సైజు మేకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల రైతు డ్వైట్ ఒక్కడే. అది భార్య అధ్యక్షురాలు కావడం వల్ల కలిగిన యోగం.

ఇప్పుడు తీర్మానం మెడకి చుట్టుకుంది. ఊళ్ళో ఉన్నది ఒకే కొట్టు. అక్కడ గల్లా దగ్గర కూర్చునేది జనీవా ఆడపడుచు బానీ. కౌంటీ దాటి కొనుక్కుందామంటే ఫిబ్రవరి విందుకి ముందు విపరీతంగా మంచు పడి రోడ్డు మూసేశారు. ఇంట్లో చూస్తే ఒక్క డబ్బా లేదు.

“పోనీ నిజంగానే చేసెయ్యరాదూ?” అన్నాడు డ్వైట్.

“ఏం చెయ్యమంటావు?”

“నూడుల్స్. మీ అమ్మమ్మలాగా.”

“మా అమ్మమ్మ నూడుల్స్ చెయ్యగా నేనెప్పుడు చూశాను? ఆవిడ టౌన్లో టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది.”

ఎవర్నైనా అడుగుదామా అంటే, అందరూ అడిగేది ఆమెనే. ఆ వారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. “లవోన్, పిండికి గుడ్లు ఎన్ని?” అని ఒకరు, “గ్రేవీ ఉండ కడితే ఏం చెయ్యాలి?” అని ఇంకొకరు. లవోన్ తడుముకోకుండా చెప్పింది. “పిండి ఎంత అడిగితే అన్ని వెయ్యాలమ్మా. అది చేతికి తెలియాలి.” అవతలివాళ్ళు భక్తిగా “అవునవును” అన్నారు. అమ్మమ్మల దగ్గర నేర్చుకున్నామని చెప్పుకునే ఇంతమందికి ఇంత హఠాత్తుగా ఇన్ని సందేహాలు ఎందుకొచ్చాయో ఆమెకి తట్టలేదు. తన గొడవే తనకి చాలు.

మొదటి ముద్ద రాయిలా వచ్చింది. కుక్క వాసన చూసి తప్పుకుంది. రెండోది బల్లకి అతుక్కుంది. మూడోది మాత్రం చేతికింద మెత్తగా, సాగుతూ, చెప్పిన మాట వింది. వంటింట్లో ఉన్న కుర్చీలన్నిటి మీదా పసుప్పచ్చటి పోగులు వేలాడుతుంటే, కూర్చోవడానికి చోటు లేక డ్వైట్ నిలబడే కాఫీ తాగాడు. మాంసాన్ని పెనం మీద ఎర్రగా కాల్చి, ఎముకల నీళ్ళు పోసి, స్లో కుక్కర్‌లో పెట్టింది. మీగడ తనే చిలికి కలిపింది. రుచి చూసింది. బాగుంది. లవోన్‌కి చెప్పలేనంత సంతోషమేసింది. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఏప్రాన్ మీది పిండి దానంతటదే పడింది.

ఆదివారం చర్చి నేలమాళిగలో స్లో కుక్కర్లు వరసగా బారులు తీరాయి. అలవాటు ప్రకారం అన్నిటినీ ఒకే ప్లగ్గుకి తగిలించి అలవాటు ప్రకారం ఫ్యూజు ఎగరగొట్టారు. దీపాలు తిరిగొచ్చాక ప్రార్థనైంది. జనం పళ్ళేలు పట్టుకుని కదిలారు.

అయిదు నిమిషాలకి మాటలు తగ్గాయి. పది నిమిషాలకి చెంచాల చప్పుడు తగ్గింది.

జనీవా చేసిన చికెన్ లవోన్ నోట్లో పెట్టుకుంది. కోడీ, పాలూ, ఉప్పూ వేటికవి తెలుస్తున్నాయి. ఎప్పుడూ ఉండే ఆ కమ్మదనం లేదు. ‘కొనుక్కొచ్చింది మహాతల్లి’ అనుకుంది. అదే క్షణాన జనీవా లవోన్ నూడుల్స్ నములుతూ కళ్ళు చిన్నవి చేసింది.

“లవోన్, ఏమీ అనుకోకు. ఇది నీ చేతి వంటలా లేదు.”

“అంటే?”

“ఆ చిక్కదనం లేదు. ఆ వాసన లేదు. ఇదేదో బజారుదిలా ఉంది.”

“నా సంగతి సరే, నీ చికెన్ ఏ హోటల్దో చెప్పు.”

“నేను కోడి ఈకలు పీక్కుని చచ్చాను. నన్నంటావా?”

“బానీ చిక్కుడుకాయలు మాత్రం? ఎప్పటి రుచా అవి?” అన్నారెవరో. బానీ ఏడుపు ముఖం పెట్టింది. నిమిషంలో బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి నువ్వు కొన్నావంటే నువ్వు కొన్నావని ఒకటే రభస.

ఈ గొడవ పట్టకుండా తింటున్నది ఒకే ఒక్క మనిషి. ఊరందరూ ఎల్డన్ తాత అని పిలిచే ముసలి రైతు. లవోన్ నూడుల్స్ రెండోసారి వడ్డించుకుని, మూడోసారి కూడా లేచాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. “మా అమ్మ చేసినట్టుంది,” అన్నాడు.

“పాపం, తాతకి నాలుక చచ్చిపోయింది,” అంది జనీవా. అందరూ జాలిగా తలలూపారు.

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. “ఎవరైనా నియమం తప్పి ఉంటే, ఒప్పుకోవడానికి ఇది మంచి సమయం.”

లవోన్ లోపల లెక్కలు వేసుకుంది. ఇది నా చేత్తో చేసిందే అని ప్రమాణం చెయ్యొచ్చు. ఫ్రిజ్ మీద ఇంకా పిండి మరకలున్నాయి, డ్వైట్ సాక్షి. కానీ ఇదే చేతివంట అయితే, ఇరవయ్యేళ్ళు తినిపించింది ఏమిటని అడగరూ? నిజం చెబితే తాళంచెవి ఖాయంగా పోతుంది, ఈ ఒక్కసారి తప్పానంటే క్షమించినా క్షమించొచ్చు. ఆమె గొలుసు ఒకసారి తడుముకుని లేచింది.

“నన్ను క్షమించండి. చెయ్యి నొప్పని ఈసారి మంచుకి ముందే కొనిపెట్టుకున్నాను.”

డ్వైట్ బంగాళాదుంపల వంకే చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు బానీ లేచింది. “నేను కూడా. ఈ ఒక్కసారే.” ఆ పక్కావిడ లేచింది. ఆ వెనక ఇంకొకావిడ. చివరికి ఈకలు పీకిన జనీవా కూడా ముక్కు చీదుకుంటూ లేచి, “నా చికెన్ కూడా కొన్నదే,” అంది. జన్మలో మొదటిసారి చేత్తో వండిన ఆడవాళ్ళందరూ, వండలేదని చెప్పి ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. మొదట లేచి నిజం పలికిన ధైర్యానికి గుర్తింపుగా, అనర్హత మాట పక్కనపెట్టి లవోన్‌నే అధ్యక్షురాలిగా కొనసాగించవలెనని అక్కడికక్కడే తీర్మానించారు. జనీవా బలపరచక తప్పలేదు.

మార్చికి మంచు కరిగింది. విందుకి ముందు శనివారం కౌంటీ అవతలి పెద్ద కొట్టు ముందు కమిటీ కార్లన్నీ ఆగి ఉన్నాయి. ఎదురుపడ్డవాళ్ళందరూ గొడ్ల మందుకోసం వచ్చామనే చెప్పుకున్నారు. ఆదివారం కుక్కర్లు చూస్తుండగా ఖాళీ అయ్యాయి. జనీవా లవోన్ కుక్కర్ అడుగు గీకి నాకి, “ఇదీ చేతివంటంటే. పిండి ఒత్తిన శ్రమంతా తెలుస్తోంది,” అంది.

“అంతా అమ్మమ్మ చలవ,” అంది లవోన్.

ఎల్డన్ తాత పళ్ళెంలో వడ్డించినది వడ్డించినట్టే ఉంది. ఆయన కర్ర పొడుచుకుంటూ ఆమె దగ్గరకొచ్చాడు.

“అమ్మాయ్, పోయిన నెల నువ్వు కొనుక్కొచ్చావే, అది ఏ కొట్లోదమ్మా? మా మనవడు కారు తీసుకొచ్చాడు. ఎంత దూరమైనా పోయి తెచ్చుకుంటాను.”

జనీవా చెంచా నోట్లో పెట్టుకునే ఇటు తిరిగింది. బానీ తిరిగింది. లవోన్‌కి ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, కుర్చీలన్నీ ఖాళీ చేసి, పిండి కలపాలనిపించింది. నోరు కూడా తెరిచింది.

“ఆ కొట్టు మూసేశారు తాతా,” అంది.