అనుమతి లేని వైఫల్యం

మానవ నాగరికత ఒకే ఒక్క తీగ మీద వేలాడకూడదని పెద్దలు ఎట్టకేలకు నిర్ణయించారు. ఆ నిర్ణయం మూడు నకళ్లతో సహా ఒక సోమవారం ఉదయం జనన మరణ నమోదు కార్యాలయానికి చేరింది.

ఆ కార్యాలయం కింది అంతస్తులో, గాజు తలుపు వెనక, నాలుగు బీరువాలంత పాత కంప్యూటరు ఒకటి ఉంది. వయసు ముప్పై ఎనిమిది. సిబ్బంది దాన్ని తాతయ్య అంటారు. ఊరందరి పుట్టుకలూ, చావులూ, పెళ్లిళ్లూ దాని కడుపులోనే ఉన్నాయి. (దాన్ని తయారుచేసిన కంపెనీ పోయిన సంగతి మాత్రం దానికింకా ఎవరూ చెప్పలేదు.)

పై అంతస్తుల్లోని జననాలు, మరణాలు, వివాహాలు, సవరణలు అనే నాలుగు విభాగాలూ తాతయ్యతో మాట్లాడాలంటే ఒకే రౌటరు గుండా వెళ్లాలి. తీగ ఒకటే అయినా, ఒకరి సంగతి ఇంకొకరి చెవిన పడకుండా అందులో నాలుగు వీలాన్లు ఉన్నాయి. అంటే, కంటికి కనపడని గోడలతో విడదీసిన నాలుగు దారులు. (విభాగాధిపతులు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. దానికి కారణం వేరు.) ఆ రౌటరు ఆగితే నలుగురి పనీ ఆగుతుంది. కాబట్టి దానికి తోడుగా రెండో రౌటరు పెట్టాలని ఉత్తర్వు.

పని తీగలక్కకు అప్పగించారు. ఆమె నెట్‌వర్క్ ఇంజినీరు. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. రెండు రోజుల్లో ఏర్పాటు పూర్తిచేసింది. రెండు రౌటర్లూ సెకనుకోసారి పలకరించుకుంటాయి. ఉన్నావా అని ఒకటి అడుగుతుంది, ఉన్నానని ఇంకొకటి చెబుతుంది. మూడుసార్లు జవాబు రాకపోతే రెండోది పని అందుకుంటుంది. నాలుగు దారులకూ విడివిడిగా ఇదే తంతు. పైగా తాతయ్య పాతకాలపు సరుకు. జవాబు పది సెకన్లు ఆలస్యమైతే అలిగి, మొత్తం మొదటినుంచి చెప్పమంటాడు. అందుకే అక్క ఆ చేతులు మారే వ్యవధిని నాలుగు సెకన్లకు కుదించింది.

తరువాత పది రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టింది. చెల్లెలికి తొలి కాన్పు. ఆరు వారాల్లో, ఇరవై రెండో తేదీకి అవుతుందని డాక్టరు చెప్పింది. మరిది ఓడలో ఉద్యోగి, సముద్రం మధ్యలో ఉన్నాడు. తల్లి లేదు. దగ్గర కూర్చోవడానికి ఉన్నది అక్క ఒక్కతే.

"సెలవుకేముందమ్మా, తీసుకో," అన్నారు సూపరింటెండెంటు గారు. "రెండో రౌటరు పనిచేస్తుందని పరీక్ష పత్రం రానీ. అప్పటిదాకా మొదటిదానికి ప్రత్యామ్నాయం నువ్వే."

"మొదటిది ఆపి చూస్తే తెలిసిపోతుంది సార్. నాలుగు సెకన్ల పని."

"ఆపడానికి వీల్లేదు. తెలిసి తెలిసి సేవకు అంతరాయం కలిగించకూడదు. పదకొండో నిబంధన."

"మరి పరీక్ష ఎలా చెయ్యను?"

"దానంతట అది పాడవ్వాలి. లేదా అనుమతి తీసుకుని పాడవ్వాలి."

ఆ విధంగా వైఫల్య అనుమతి సంఘం ఏర్పడింది. సభ్యులు తొమ్మిదిమంది. ఫారంలో గడులు పద్నాలుగు. విఫలమయ్యేవారి పేరు, వారి సమ్మతి, గతంలో విఫలమైన అనుభవం వగైరా. చివరిదాంట్లో అక్క "లేదు" అని రాసింది. అనుభవం లేనివారికి ఇంత పెద్ద వైఫల్యం ఎలా అప్పగిస్తామని ఫారం తిరిగొచ్చింది.

విభాగాల అభిప్రాయాలూ సేకరించారు. ఆ నాలుగు సెకన్లలో కవలలు నమోదైతే, ఒకడు ఒక రౌటరులోనూ ఇంకొకడు ఇంకో రౌటరులోనూ పడి అన్నదమ్ములు కాకుండా పోతారని జననాలవారు ఆందోళన చెందారు. తమవైపు తొందరపెట్టే కక్షిదారులెవరూ లేరని మరణాలవారు రాశారు. వివాహాలవారు ఆలోచించుకోవడానికి సమయం అడిగారు. సవరణలవారు ఉదారంగా, నాలుగు సెకన్లెందుకు, నాలుగు వారాలు తీసుకోమన్నారు.

అయిదో సమావేశంలో తీర్మానం వెలువడింది: ఇరవై నాలుగో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకు మొదటి రౌటరు విఫలమగును.

"మా చెల్లెలికి ఇరవై రెండు సార్," అంది అక్క.

"రెండు రోజులే కదమ్మా. ఒకసారి తనకు చెప్పి చూడు."

ఇరవై ఒకటి, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకు మొదటి రౌటరులో ఫ్యాన్ ఆగింది. రౌటరు వేడెక్కి చచ్చిపోయింది. నాలుగు సెకన్లలో రెండోది అందుకుంది. పైన ఎవరికీ తెలియలేదు. కింద అక్క ఒక్కతే తెరమీద అంకెలు చూసి, నేలమీద చతికిలబడి, కాసేపు తనలో తను నవ్వుకుంది. లేచి, ఆ వివరాల కాగితం పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కింది.

సూపరింటెండెంటు గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "ఎవరినడిగి పోయింది?"

"ఫ్యాన్ ఆగింది సార్. దానంతట అది పోవచ్చన్నారుగా."

"దరఖాస్తు పెట్టకముందు పోతే దానంతట అది పోయినట్టు. తేదీ ఇచ్చాక పోతే ఆదేశాలు ధిక్కరించినట్టు. ఇది చెల్లదు. బాగుచేయించి, గురువారం పద్ధతిగా పోయేలా చూడు."

"కొత్త ఫ్యాన్ రావడానికి ఎనిమిది రోజులు పడుతుంది సార్."

"అయితే తేదీ మారుస్తాం. ఇంకో సంగతి. ఆ రెండోది ఎవరి ఉత్తర్వు మీద బాధ్యతలు తీసుకుంది?"

"అది ఉన్నదే అందుకు సార్."

"అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి," అంటూ ఆయన అక్కడికక్కడే మెమో రాశారు. అనుమతి లేకుండా అధికారం చేపట్టినందుకు, విచారణ పూర్తయ్యేవరకు రెండో రౌటరును విధుల నుంచి తప్పించడమైనది.

అక్క మెమో చదువుతుండగా ఫోన్ మోగింది.

"అక్కా, నొప్పులు మొదలయ్యాయి. భయంగా ఉంది. ఎక్కడున్నావే?"

"వస్తున్నా. ఆస్పత్రికి వెళ్లు. వస్తున్నా," అంది అక్క.

ఆరు వారాలుగా వాదించి గొంతు పోయిన మనిషి, ఈసారి వాదించలేదు. కిందికి వెళ్లి, మెమోలో రాసింది రాసినట్టు, రెండో రౌటరును ఆపేసింది. దానిమీద కాగితం అంటించి తేదీ వేసింది. నాలుగు విభాగాల తెరలూ ఒక్కసారిగా బోసిపోయాయి. మళ్లీ పైకొచ్చి సెలవు కాగితం బల్లమీద పెట్టింది.

"ఇప్పుడెలా వెళ్తావు?"

"నెట్‌వర్కే లేదు కదా సార్. లేనిదానికి ప్రత్యామ్నాయం ఎందుకు?"

సూపరింటెండెంటు గారు నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. ఇలా వెళ్లకూడదని ఎక్కడా లేదు. సంతకం పెట్టారు.

అయిదు గంటల బస్సు అందింది. మర్నాడు పొద్దున ఏడున్నరకు ఆడపిల్ల. చెల్లెలు అక్క చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ల గుర్తులు మూడు రోజులున్నాయి. పెద్దమ్మ అయిన తీగలక్క ఆ పది రోజులూ ఏ రౌటరునూ తలుచుకోలేదు.

కార్యాలయంలో "నెట్‌వర్క్ విచారణలో ఉన్నది" అని బోర్డు పెట్టారు. దానికింద కొత్త తండ్రులు ఫారాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఎనిమిదో రోజున ఫ్యాన్ వచ్చింది. అదే రోజు, దురుద్దేశం రుజువు కాలేదంటూ రెండో రౌటరును విధుల్లోకి తీసుకున్నారు.

అక్క తిరిగొచ్చేసరికి సంఘం నివేదిక సిద్ధంగా ఉంది. సేవ జరగని ఆ ఎనిమిది రోజుల్లో సేవకు ఒక్క అంతరాయం కూడా కలగలేదని, ముప్పై ఎనిమిదేళ్లలో ఇంత నిలకడ ఎన్నడూ లేదని, ఈ పద్ధతిని మిగతా పదహారు కార్యాలయాలకూ విస్తరించాలని సిఫారసు. అక్కకు ప్రశంసాపత్రం.

"మరి ఆ ఎనిమిది రోజుల్లో పుట్టిన పిల్లల సంగతేంటి సార్?" అని అడిగింది అక్క.

"తాతయ్య ఏ రోజువి ఆ రోజే తీసుకుంటాడమ్మా. పాత తేదీ వెయ్యడు. మన లెక్క ప్రకారం ఆ వారం ఎవరూ పుట్టలేదు."

అక్క ఫోన్ తీసి చెల్లెలి కూతురి ఫోటో చూపించింది. పిడికిళ్లు బిగించి, నోరంతా తెరిచి ఆవలిస్తోంది.

సూపరింటెండెంటు గారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ముద్దుగా ఉందమ్మా," అన్నారు. "ఎప్పుడు పుడుతుంది?"