రెండు వందల లీటర్ల సముద్రం

గురువారం పొద్దున తొమ్మిదింటికి ప్లంబరు గుర్వయ్య వచ్చి పైపు బిగిస్తాడు, పదింటికి వెంకటరాజం కాలేజీకి పోతాడు, రెండ్రోజుల్లో పగడం కోలుకుంటుంది. ఇదీ ఆ ఇంటి కార్యక్రమం. ఇందులో అండాలు చేయవలసిందల్లా ఏదీ ముట్టుకోకుండా ఉండటం.

పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానన్నాడు వెంకటరాజం. జంతుశాస్త్రం లెక్చరరు కదా, తన ఆసక్తి కోసమైనా తీసుకుపోతాడనుకుంది అండాలు. ఒక ఎండాకాలం పేపర్లు దిద్దడం, ఒక ఎండాకాలం ఓట్ల డ్యూటీ, ఇంకో ఎండాకాలం పోచంపల్లిలో మామగారు మగ్గం గుంటలోకి జారి కాలు విరగ్గొట్టుకోవడం. ఇట్లా పన్నెండేళ్ళు గడిచాయి. చివరికి తొంభై ఆరులో, పెళ్ళాన్ని సముద్రం దగ్గరికి తీసుకుపోవడం కన్నా సముద్రాన్నే నల్గొండకు తేవడం సులువని ఆయన తేల్చుకున్నాడు. ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి, మద్రాసు నుంచి తెప్పించిన ఉప్పు కలిపిన నీళ్ళు, రెండు చారల చేపలు, రామేశ్వరం మిత్రుడొకాయన పంపిన పిడికెడు పగడం.

"ఇగ చూస్కో నీ సముద్రం," అన్నాడు.

అండాలు చూసుకుంది. మధ్యాహ్నాలు తొట్టి ముందు పీటేసుకుని కూచునేది. చేప ఇటునుంచి అటు పోయి, అద్దానికి ముక్కు తగిలి వెనక్కి తిరిగేది. అవతలి ఒడ్డు కనబడని నీళ్ళ గురించి ఆమె బీయేలో చదివింది. ఈ సముద్రానికి మాత్రం అవతలి ఒడ్డున కుట్టుమిషను కనబడేది.

ఈమధ్య పగడం వన్నె తగ్గింది. సున్నం చాలడం లేదని వెంకటరాజం కనిపెట్టాడు. ఏదో విదేశీ పత్రిక చూసి వైద్యమూ తయారుచేశాడు. లావుపాటి పైపు నిండా తెల్లటి సున్నపురాతి ముక్కలు, అందులోకి సోడా గ్యాసు. తొట్టిలోని నీళ్ళు మోటారుతో దాంట్లోకి వెళ్ళి, రాయిని కొంచెం కొంచెం కరిగించుకుని, బొట్టుబొట్టుగా మళ్ళీ తొట్టిలో పడాలి. దాని పేరు కాల్షియం రియాక్టరు. గ్యాసు సిలిండరు బాబా మియా సోడా దుకాణం నుంచి కిరాయికి వచ్చింది.

"గిది బతికిందనుకో, ఇగ మనం యాడికో పోవుడెందుకు?" అన్నాడు వెంకటరాజం సంబరంగా.

అండాలు తలూపింది. పగడం బతకాలని ఆమెకూ ఉంది. చిక్కంతా అక్కడే.

గుర్వయ్య రాగానే వెంకటరాజం పని అప్పజెప్పాడు. "మొదటిరోజు నీళ్ళు తెల్లగ వస్తయి, ఇయ్యాల్టికి తొట్టిల గాకుంట వరండలకు ఇడువు. కని బొట్టుబొట్టే రావాలె, సాయంత్రానికి బకెట్టు నిండితె చాలు," అని చెప్పి స్కూటరెక్కాడు.

గుర్వయ్య నొచ్చుకున్నాడు. "ముప్పయ్యేండ్ల సంది నల్లాలు కారకుంట చేస్తున్నమ్మా. ఇప్పుడు కారేటట్టు చెయ్యమంటడేంది సారు? ఎవడన్న జూస్తె గుర్వయ్య పని గింతేనా అనడా?"

"ఆయన చెప్పినట్టే చెయ్యరాదే గుర్వయ్యా."

"సారుకు పురుగులు తెలుసు. నీళ్ళు నాకు తెలుసు."

అరంగుళం నల్లా బిగించి, చివరిదాకా తిప్పాడు. వరండాలో ధార పడింది. "గదీ!" అనుకుని చాయ్ తాగడానికి పోయాడు.

హోటల్లో గుర్వయ్య అబద్ధమేమీ చెప్పలేదు. సారు ఇంట్లో తెల్లరాళ్ళ మిషను బిగించాననీ, నీళ్ళు దాంట్లోంచి వస్తున్నాయనీ చెప్పాడు. మిగతాది నల్గొండ తానే పూర్తి చేసుకుంది. పళ్ళు గారకట్టి, మోకాళ్ళు వంగని ఊరది. సున్నమూ పటికా తగిలితే నీళ్ళలో ఫ్లోరైడు పోతుందని అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. పావుగంటలో పక్కింటి పుల్లమ్మ బిందెతో దిగింది.

"బిడ్డా, ఒక్క బిందె."

"అవి ఉప్పునీళ్ళవ్వా. చాపలు తిరిగిన నీళ్ళు."

"ఇయ్యనంటె ఇయ్యననరాదు! ఉప్పని, చాపలని వంకలెందుకు? నీళ్ళడిగితె లేదన్న కొంప నేనింతవరకు చూడలే."

అంటూనే దోసిలి పట్టి తాగేసింది. ముఖం ముడుచుకుంది. అంతలోనే వీధంతా వినబడేలా త్రేన్చింది.

"ఓయమ్మ! పనిజేస్తాంది!"

అంతకన్నా సాక్ష్యమేం కావాలి? మెట్ల మీద బిందెలు వరుస కట్టాయి. పగడం అరగదీసిన నీళ్ళట, కుజదోషానికి కూడా మంచిదట అని వరుస చివర ఎవరో అన్నారు. దాంతో వరుస వీధి మలుపు తిరిగింది. తన దుకాణం ఎందుకు ఖాళీగా ఉందో చూద్దామని వచ్చిన బాబా మియా ఒక గుక్క రుచి చూశాడు.

"గిది ఉప్పుసోడ గదా చెల్లే! నా గ్యాసుతోని నా గిరాకే గుంజుతరా?"

"సోడైతె ఫుకట్ల ఎవలిస్తరు మియా? ఇది దవాయి, జర జరుగు," అని పుల్లమ్మ ఆయన్ను పక్కకు తోసింది.

లోపల తొట్టి సగానికి దిగింది. అండాలు గబగబా పెద్ద బకెట్టులోకి ఆ నీళ్ళే తోడి, పగడాన్నీ చేపలనూ అందులోకి మార్చింది. ఇక మోటారు ఆపడమే తరువాయి. స్విచ్చు మీద వేలు పెట్టింది. కిటికీలోంచి బిందెల వైపు చూసింది. దాహమన్నవాళ్ళకు లేదనడం ఎంత పాపమో అప్పుడే మొదటిసారి తెలిసినట్టు, వేలు తీసేసింది.

వెంకటరాజం ఇల్లు చేరేసరికి పుల్లమ్మ నాలుగోసారి చెంబు పట్టుకుని దొడ్లోకి పరుగెత్తుతోంది. "కడుపు సాఫయితాంది సారూ, సల్లగుండు!" అని దారిలోంచే దీవించింది. ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళాడు. అడుగున ఇసుక ఉంది. దాని మీద గుర్వయ్య మరిచిపోయిన స్పానరు ఉంది.

మద్రాసుకు ఫోను చేస్తే ఉప్పు నెల దాకా రాదన్నారు. బకెట్టులో పగడం వారం కూడా ఆగదు.

"అసొంటి నీళ్ళు ఇంకెక్కడ దొరుకుతయండీ?" అని అడిగింది అండాలు, పప్పులో తాలింపు వేస్తూ.

వెంకటరాజం చాలాసేపు ఆలోచించాడు. "సముద్రంల," అన్నాడు, ఆ సంగతి లోకానికి తానే మొదట చెబుతున్నట్టు.

శనివారం రైలుకు రెండు టికెట్లు తీశాడు. గుంటూరులో దిగి, బాపట్ల దాటి, ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని నడిచారు. సర్వి చెట్లు అయిపోగానే అండాలు ఆగిపోయింది. అవతలి ఒడ్డు కోసం వెతికింది. లేదు. ఒక అల వచ్చి పాదాల కింది ఇసుక లాగేస్తే, పడిపోతానేమోనని భర్త చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిలో ఖాళీ క్యాను పెట్టాడు.

పన్నెండేళ్ళు ఎదురుచూసిన సముద్రాన్ని అండాలు పది నిమిషాలు చూసింది. మిగతా పూటంతా మోసింది.